గురిగింజల పెట్టె

“ఇది నీదేనా?”

హెడ్ కానిస్టేబుల్ పెంటయ్య చిన్న కర్రపెట్టెను బల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల అరచేతిలో ఇమిడే ఇత్తడి తరాజు, దాని పక్కన గుప్పెడు గురిగింజలు.

“మా బాపుది,” అన్నాడు యాదగిరి. “మూత మీద పేరున్నది కదన్నా.”

ఇద్దరిదీ బచ్చన్నపేటే. అక్కడ యాదగిరి ఔసుల పని, అంటే కంసాలి పని చేసేవాడు. రెడీమేడ్ నగల దుకాణాలొచ్చాక ఆ పని పోయింది, తరాజు మూలన పడింది. ఇప్పుడది జనగామలో ఓ అద్దె గదిలో, రెండు కిలోల గంజాయి పక్కన దొరికింది. గదిలోని కుర్రాళ్లు గోడ దూకి పారిపోయారు. పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఎస్సై ఆ ఎర్రటి గింజలు కూడా మత్తు గోలీలే అనుకున్నాడు. పాపం, ఆయన బంగారాన్ని షోరూములోనే చూసినవాడు. అవి బంగారం తూచే గింజలని పెంటయ్యే చెప్పాడు.

“కరెంటు కాటా కొంటె దుకాణపోళ్లు పేరడుగుతున్నరని గీ పాతది పట్టిండ్రు. ఎవనికిచ్చినవ్?”

“యాదికి లేదన్నా.”

“తెచ్చుకో. తెలిసి తరాజు ఇచ్చినోడు గూడ భాగస్తుడే. పదేండ్ల దాక పడొచ్చు. సారు కోర్టు నుంచి వచ్చేలోపు పేరు చెప్తె నువ్వు సాక్షివి. లేకుంటె ముద్దాయివి.”

యాదగిరి చెమట తుడుచుకున్నాడు. పక్షవాతంతో మంచాన పడ్డ భార్య చంద్రమ్మకు అన్నం తినిపించేది ఆయనే. తను లోపలికి పోతే ఆమెకు ముద్ద పెట్టే దిక్కు లేదు.

“కాలేజిల ప్రయోగానికన్నడు. నమ్మి ఊకెనే ఇచ్చిన. గింజలు పెట్టి ఎట్ల తూచాల్నో గూడ నేనే నేర్పిన.”

“అంటె తెలిసినోడే.”

“చిన్నప్పుడు చెవులు కుట్టింది నేనే.”

“ఊర్ల పోరగాండ్లందరికి నువ్వే కుట్టినవ్. పేరు చెప్పు.”

“వాని అవ్వ, నాయిన మంచోళ్లన్నా. పానం ఒప్పుతలేదు.”

పెంటయ్యకు కోపం వచ్చింది. “మంచోళ్లయితె కొడుకు ఏం చేస్తుండో చూసుకోవద్దా? గసొంటి తండ్రి మీద నీకెందుకు జాలి? చంద్రమ్మ సంగతి సోంచాయించుకో జర.”

బయట జీపు ఆగింది. మెట్ల మీద ఎస్సై బూట్ల చప్పుడు. పెంటయ్య తెల్లకాగితం ముందుకు లాక్కుని కలం మూత తీశాడు.

“ప్రణయ్,” అన్నాడు యాదగిరి.

పెంటయ్య తల ఎత్తకుండానే రాసుకున్నాడు. ఆ ఈడు పిల్లల్లో ఆ పేరు గలవాళ్లు ఊళ్లో నలుగురైనా ఉన్నారు.

“తండ్రి పేరు?”

“నీ పేరే రాస్కో అన్నా.”