వెనక పోసిన నీళ్లు

జర్జీస్‌లో కుళాయిలు ఎండిపోయి వారమైంది. ట్యునీషియా విడిచి నేను టాక్సీ ఎక్కబోతుంటే, మా ఇంటి యజమానురాలు మబ్రూకా ఇంట్లో మిగిలిన చెంబెడు నీళ్లూ తెచ్చి నా వెనక నేలమీద కుమ్మరించింది.

"అయ్యో, పిల్లలకు తాగడానికి ఉంచిన నీళ్లు కదక్కా!" అని అరిచాను.

"ఇన్నేళ్లు మా ఊళ్లో ఉండి ఏం నేర్చుకున్నావయ్యా? వెనక నీళ్లు పోస్తేనే వెళ్లినవాళ్లు తిరిగొస్తారు."

"మరి బావకి పొయ్యలేదా?" నోరు జారాను.

పోయిన చలికాలం ఆమె భర్త చెప్పాపెట్టకుండా ఇటలీకి దొంగపడవ ఎక్కాడు. ఇంతవరకు కబురు లేదు.

మబ్రూకా ఖాళీ చెంబును గుండెలకు అదుముకుంది.

"నన్ను పొయ్యనిచ్చాడా? అయినా ఆయన వెనక సముద్రమంతా ఉంది కదా తమ్ముడూ. ఇంకెన్ని నీళ్లు పొయ్యాలట?"