జీరో టికెట్లు

బైపాస్ తెరిచిన నెలకే పల్లెవెలుగు బస్సుకు ఊరు బరువైంది.

బయట నున్నటి రోడ్డు ఉండగా గుంతల పాత రోడ్డులోకి బస్సును ఎందుకు తిప్పాలని డిపో వాళ్ల ప్రశ్న. ఇన్నేళ్లూ ఆ గుంతల్లోనే తిరిగిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. సిద్దిపేట నుంచి ఓంప్రకాశ్ అనే అధికారి వచ్చి, ఊరివాళ్ల మొహం మీదే చెప్పేశాడు.

"ఒకరిద్దరి కోసం బస్సు తిప్పలేమమ్మా. ఎక్కేటోళ్లు బైపాస్ దాకా నడిచి రండ్రి."

చాయ్ హోటల్ షమ్షున్నీసా చేతిలో గంటె పక్కన పెట్టింది. "రేపు పొద్దుగాల బస్సెక్కి మీరే సూడుండ్రి సారు. గప్పుడు మాట్లాడుదాం."

మరునాడు ఓంప్రకాశ్ ఊరికి ముందొచ్చే బెజ్జంకిలోనే బస్సెక్కి వచ్చాడు. ఊరి స్టాపులో ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. ముందు షమ్షున్నీసా, చంకలో సంచితో. బీడీలు చుట్టే దుర్గవ్వ, గంపలో కోడితో. మగ్గం నేసే అంజవ్వ, టిఫిన్ డబ్బాతో. నర్సింగ్ చదివే అర్షియా, ఇంకా బోలెడు మంది. కండక్టర్ రోజారాణి ఆధార్ కార్డులు చూసి, ఆడవాళ్లకు పైసా లేకుండా ఇచ్చే జీరో టికెట్లు కొట్టి కొట్టి అలిసిపోయింది. సీట్లన్నీ నిండాయి.

ఓంప్రకాశ్‌కు నమ్మబుద్ధి కాలేదు. "గింతమంది ఏడికమ్మా?"

"దవాఖానకు," అంది అంజవ్వ.

"మా అక్క ఇంటికి," అంది దుర్గవ్వ. కోడి కూడా ఆయన్ని గుర్రుగా చూసింది.

"రోజూ పోతరా?"

షమ్షున్నీసాకు ఒళ్లు మండింది. "బైపాస్ మీద పోయే కార్లను ఆపి అడుగుతున్రా సారు, ఏడికి పోతున్రని? మమ్ముల్నే ఎందుకు అడుగుతున్రు? మా ఊరికి బస్సు రావాలె. గంతే."

బస్సంతా ఆమెకు వంత పాడింది.

పాత రోడ్డు బైపాస్‌లో కలిసే చోట ఆయన జీపు ఎదురుచూస్తోంది. దిగుతూ, "సరే, బస్సు మీ ఊళ్లకే వస్తది," అన్నాడు.

జీపు కనుమరుగయ్యేదాకా రోజారాణి బస్సును కదలనివ్వలేదు.

అప్పుడు దుర్గవ్వ కోడితో సహా అందరూ దిగి, ఖాళీ సంచులు ఊపుకుంటూ ఊరి వైపు నడక పట్టారు. బస్సులో కాలేజీ బ్యాగు ఒళ్లో పెట్టుకుని అర్షియా ఒక్కతే మిగిలింది.