బిగించని నట్లు

"సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, బండి ఆరిపోతోంది. యాక్సిలరేటర్ తొక్కితే ముక్కుతోంది, మూలుగుతోంది గానీ కదలదు," అంటూ పళ్ళ డాక్టరు తాళాలు షెడ్డులోని బల్ల మీద పడేశాడు. "పోయిన సోమవారమే కదా మేస్త్రీ, ఇక్కడ కార్బురేటర్ శుభ్రం చేయించాను?"

మేస్త్రీ తాళాల వంక చూడలేదు. అల్లుడి వంక చూశాడు.

"విన్నారా అల్లుడుగారూ? అంతా తమరి చేతి చలవే."

ఆ 'గారు' మూడేళ్ళుగా అలాగే పలుకుతోంది. నలభై ఏళ్ళుగా ఇంజన్లతో కాపురం చేస్తున్న మేస్త్రీ కూతురు, టైర్లకు గాలి కొట్టుకునేవాణ్ణి ఏరి కోరి కట్టుకుంది మరి.

పాతికేళ్ళ నాటి కారు. మేస్త్రీ కళ్ళు మూసుకుని విప్పగలడు. ఇవాళ మాత్రం చెయ్యి పెట్టదలచుకోలేదు. డాక్టరుకి కుర్చీ వేసి, "మా వాడి పనితనం మీరూ చూడండి," అన్నాడు.

అల్లుడు బానెట్ ఎత్తి ఇంజన్ స్టార్ట్ చేశాడు. వంగి, కార్బురేటర్ అడుగున వేళ్ళతో తడిమాడు. అక్కడే ఒక్క క్షణం ఆగాడు. మామ వంక చూశాడు. ఇంజన్ ఆపేసి, ప్లగ్గులు విప్పడం మొదలుపెట్టాడు.

ప్లగ్గులు శుభ్రంగా ఉన్నాయి. పెట్రోల్ ఫిల్టర్ విప్పాడు. అదీ బాగానే ఉంది. ఎయిర్ ఫిల్టర్ విప్పాడు.

"ఇక మిగిలినవి సీటు కవర్లే. అవి కూడా విప్పి చూడండి," అన్నాడు మేస్త్రీ.

డాక్టరు పకపకా నవ్వాడు.

"మీరు క్లినిక్కి వెళ్ళండి సార్. బండి నేనే తెచ్చిస్తాను," అన్నాడు అల్లుడు.

"ఎక్కడికీ వెళ్ళరు. సంగతేదో ఆయన కళ్ళముందే తేలాలి."

అల్లుడు అన్నీ మళ్ళీ బిగించాడు. ఇంజన్ నడుస్తుండగా కార్బురేటర్ అడుగున క్లీనర్ స్ప్రే కొట్టాడు. చప్పుడు చటుక్కున మారింది.

"కింది నుంచి గాలి పీలుస్తోంది," అన్నాడు తలెత్తకుండా. "మధ్యలో గ్యాస్కెట్ అట్ట వెయ్యలేదు. నట్లు కూడా బిగించలేదు."

"ఎవరు వెయ్యలేదు?"

అల్లుడు చేతిలోని గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు.

"నేనే మామయ్యా. పొరపాటైపోయింది."

"అంటే పన్ను పీకి, దూది పెట్టకుండా పంపేసినట్టు," అన్నాడు డాక్టరు. "మేస్త్రీ, ఇకమీదట నా బండి నువ్వే చూడు. ఇతని చెయ్యి పడనివ్వకు."

"మీరు చెప్పాలా?"

అల్లుడు గ్యాస్కెట్ వేసి నట్లు బిగించాడు. ఇంజన్ కుదురుగా తిరిగింది. డాక్టరు అతని వంకైనా చూడకుండా కారెక్కి వెళ్ళిపోయాడు. అల్లుడు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి నడిచాడు.

మధ్యాహ్నం కేరేజీ తెచ్చిన కూతుర్ని మేస్త్రీ గుమ్మంలోనే ఆపాడు.

"రేపట్నుంచి మీ ఆయన్ని టైర్ల కొట్టుకే పొమ్మను. నా షెడ్డు పరువు తీశాడు."

"ఏమైంది నాన్నా?"

"పళ్ళ డాక్టరు బండి. పోయిన సోమవారం విప్పి, నట్లు గాలికొదిలేశాడు."

కూతురు కేరేజీ బల్ల మీద పెట్టింది.

"పోయిన వారమంతా ఆయన జ్వరంతో మంచం మీదే ఉన్నారు నాన్నా, ఆ బండి విప్పింది నువ్వే."