పదిహేడో నంబరు స్లైడు

అన్యాయం జరిగింది ఎవరికి? చర్మ క్యాన్సర్ పరిశోధన సంస్థ డైరెక్టరు గారికి. ఎలా జరిగింది? ఆయన కింద ఇరవై ఆరేళ్లుగా స్లైడ్లు తయారుచేస్తున్న టెక్నీషియను ఒకరోజు నోరు విప్పింది.

నేరం సన్మాన సభలోనే జరిగింది. డైరెక్టరు గారి చేతిలో పతకం ఉంది. క్యాన్సర్ గడ్డలో కణాలన్నీ ఒకలాంటివి కావనీ, మందుకు మామూలు కణాలు చచ్చినా కొద్దిపాటి మూలకణాలు దాక్కుని గడ్డను మళ్ళీ పుట్టిస్తాయనీ కనిపెట్టినందుకు ఆ పతకం. ఆ ఆలోచన స్నానం చేస్తుండగా తట్టిందని ఆయన ఎంతో వినయంగా చెప్పుకున్నారు.

వెనక వరుసలోంచి టెక్నీషియను లేచింది.

"అది మీకు తట్టలేదు సార్. నేను మీ గదికొచ్చి చెప్పాను. అప్పటికి మీ స్నానం అయిపోయింది."

అంతే. సంస్థ పరువు మంటగలిసిందని విచారణ సంఘం వేశారు. ఆమె మాట అబద్ధమని తేలితే ఉద్యోగం ఊడుతుంది. నిజమని తేలితే పరిశోధన పత్రంలో ఆమె పేరు చేర్చాలి. ప్రస్తుతం ఆ పత్రంలో డైరెక్టరు గారి పేరూ, వారి అల్లుడి పేరూ ఉన్నాయి. మైక్రోస్కోపులోకి ఏ కొస నుంచి చూడాలో అల్లుడు గారు ఇంకా తేల్చుకోలేదు. ఇరవై ఆరేళ్ల టెక్నీషియను మాత్రం 'ఇతర సిబ్బంది' అన్న రెండు మాటల్లో డ్రైవర్లతో సర్దుకుంది.

సంఘంలో ముగ్గురు. ఒకరు డైరెక్టరు గారితో కలిసి చదువుకున్న సర్జను. మరొకరు డైరెక్టరు గారి సంతకం పడితేనే జీతం అందుకునే పరిపాలనాధికారి. నిష్పాక్షికత కూడా కాస్త ఉండాలి గనక, అధ్యక్షురాలిగా బయటి నుంచి ఒక రిటైరైన న్యాయమూర్తిని పిలిచారు. డెబ్బై దాటిన మనిషి. ఎవరికీ చుట్టం కాదు.

మొదటి రోజు అధ్యక్షురాలే అడిగారు. "నువ్వు చూసిందేమిటమ్మా? నాకు అర్థమయ్యేలా చెప్పు."

"మందు వాడాక ఒకరికి గడ్డ కరిగిపోయిందండీ. అందరూ సంబరపడ్డారు. మిగిలిన మచ్చని కోసి మాకు పంపారు. రంగేసి చూస్తే అంచున పదో పన్నెండో కణాలు చెక్కుచెదరకుండా కూర్చున్నాయి. గడ్డ తిరగబెట్టిన వాళ్ళ పాత స్లైడ్లన్నీ తీసి చూశాను. అన్నిట్లోనూ అవే. పిల్లలు పోయినా తల్లులు మిగిలిపోయాయన్నమాట."

"డైరెక్టరు గారికి చెప్పావా?"

"చెప్పానండీ. 'కొయ్యడం నీ పని, ఆలోచించడం నా పని' అన్నారు. రెండేళ్లకి ఆలోచించారు."

సర్జను నవ్వును దగ్గుగా మార్చుకున్నారు.

"మరి నువ్వు ఊరుకున్నావా?"

"ఊరుకోలేకపోయానండీ. ఎన్నో ఆసుపత్రుల నుంచి ముక్కలొస్తాయి. నంబరే ఉంటుంది, పేరుండదు. ఆ మనిషి ఎవరో, ఎక్కడుంటారో తెలీదు. అందుకని అదే నంబరుతో ఆసుపత్రి ద్వారా రోగికి వెళ్ళే రిపోర్టు వెనక పెన్సిలుతో రాశాను. మేం రాయకూడదు. అయినా రాశాను."

"ఏమని?"

"'తల్లులు అంచున మిగిలాయి. మళ్ళీ కోయించుకోండి' అని."

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. "చూశారా మేడమ్, కట్టుకథ! ఆ స్లైడు ఎప్పుడో పగిలిపోయింది. ఆఫీసు కాపీలో పెన్సిలు గీత కూడా లేదు. పదకొండేళ్ల నాటి ముచ్చట. ఇక ఆ రోగి అంటారా..." ఆయన చూపుడు వేలు మర్యాదగా పైకప్పు వైపు లేచింది.

"స్లైడు నంబరెంత?" అని అడిగారు అధ్యక్షురాలు.

"పదిహేడండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. విచారణ మర్నాటికి వాయిదా పడింది.

మర్నాడు పెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు ఒక ఉత్తరం. 'ఈ విచారణలో తీర్పు చెప్పడానికి నేను తగను. అధ్యక్ష స్థానం నుంచి తప్పుకుంటున్నాను.'

డైరెక్టరు గారు రెండుసార్లు చదివి సర్జను భుజం తట్టారు. "పెద్దావిడ తెలివైందిరా. గాలి ఎటు వీస్తోందో ఒక్కరోజులో పసిగట్టేసింది." వెంటనే అల్లుడికి ఫోను చేశారు. "సాయంత్రం అందరం బయటే భోంచేద్దాం. పిల్లల్ని కూడా తీసుకురా."

పరిపాలనాధికారి అప్పటికే టైపు చేయించి ఉంచిన కాగితాన్ని టెక్నీషియను ముందుకు తోశాడు.

"చెప్పింది అబద్ధమని ఒక్క సంతకం పెట్టమ్మా. పెన్షన్ జోలికి రాము. ఈ వయసులో నీకెందుకీ పంతం?"

ఆమె కాగితాన్ని చివరిదాకా చదివింది. కలం మూత పెట్టేసింది.

"చూసినదాన్ని చూడలేదని రాయలేను సార్. ఉద్యోగం తీసేసుకోండి."

"రాసుకోవయ్యా, తీసేశామని," అన్నారు డైరెక్టరు గారు హుషారుగా.

అప్పుడే తలుపు తెరుచుకుంది. నిన్నటి అధ్యక్షురాలు లోపలికి వచ్చారు. డైరెక్టరు గారు నవ్వుతూ ఎదురెళ్ళి పెద్ద కుర్చీ వైపు దారి చూపించారు.

ఆవిడ అటు చూడనైనా చూడలేదు. నేరుగా వచ్చి టెక్నీషియను పక్కనున్న సాక్షుల బెంచీ మీద కూర్చుని, సంచీలోంచి నాలుగు మడతల పాత కాగితం తీసి, పెన్సిలు అక్షరాలు పైకి వచ్చేలా పరిచి అన్నారు: "పదకొండేళ్లుగా ఎవరికి తీర్చాలో తెలియని బాకీ ఇవాళ అణా పైసలతో సహా తీర్చేస్తున్నాను, సాక్షి పేరు తర్వాత రాసుకుందురు గాని, ముందు నంబరు రాసుకోండి, పదిహేడు."