నీలం అద్దం

"పద్నాలుగు వందల తొంభై రెండు," అన్నాడు పెద్దాయన, కంటికి అడ్డం పెట్టుకున్న నీలం అద్దం దించుతూ.

ఇంజనీరమ్మ ఆ అంకె ముందు రాసుకుని, ఆ తర్వాతే స్తంభానికి బిగించిన డబ్బా వైపు చూసింది. డబ్బా పద్నాలుగు వందల తొంభై అంటోంది. ఐదు డిగ్రీల లోపు తేడా ఉంటే కలిసినట్టే. వెనక నిలబడ్డ పదకొండు మందీ హమ్మయ్య అనుకున్నారు. ఇవాళ్టికి ఇరవై తొమ్మిది రోజులు.

ఫర్నేసులోంచి పారే ఇనుము రంగు చూసి, ఎంత వేడి మీద ఉందో చెప్పడం పెద్దాయన పని. ముప్ఫై ఏళ్ళుగా ఆయన మాట మీదే అక్కడి పని నడుస్తోంది. ఇప్పుడు కంపెనీ వేడి కొలిచే ఈ డబ్బాను తెచ్చి పెట్టింది. వరుసగా ముప్ఫై రోజులు ఆయన అంకే, డబ్బా అంకే కలిస్తే, తొమ్మిది దేశాల్లో ఉన్న తమ ఫర్నేసులన్నింట్లో ఇదే పద్ధతి పెడతామంది. పెద్దాయన నెగ్గితే మనుషుల్ని కదపరని అందరూ సంబరపడ్డారు. అలాగని వాళ్ళకెవరూ చెప్పలేదు.

మొదట్లో డబ్బా ఇరవై, ముప్ఫై తేడాగా చూపించేది. ఇంజనీరమ్మ మూత విప్పి ఏదో సరిచేసుకునేది. దానికి చత్వారం వచ్చిందని అందరూ పగలబడి నవ్వారు. తేడా పోయాకే ఆవిడ రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

పెద్దాయన కళ్ళకే శుక్లాలు ముదురుతున్నాయి. నెలరోజులుగా ఆయన టీవీ మొహం చూడలేదు. పొద్దున్నే భార్య కళ్ళలో మందు చుక్కలు వేస్తూ, ఈ మంటల ముందు ఇంకెన్నాళ్ళని సణుగుతుంది. ఇంకొక్క రోజేనన్నాడాయన. కూతురికి ఏడో నెల. అల్లుడు ఆ పదకొండు మందిలో ఒకడు.

ముప్ఫయ్యో రోజు ఇనుము వదిలేసరికి ఆయన కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతున్నాయి. పద్నాలుగు వందల అరవై అనబోయి ఆగాడు.

"తొందరేం లేదు మామయ్యా," అన్నాడు అల్లుడు.

పెద్దాయన చొక్కా చేత్తో కళ్ళు ఒత్తుకుని, అద్దం మళ్ళీ ఎత్తి, వేడికి చెంపలు చుర్రుమంటున్నా కదలకుండా చూశాడు.

"పద్నాలుగు వందల ఎనభై ఏడు."

డబ్బా కూడా ఎనభై ఏడే అంది. అందరూ ఆయన్ని భుజాల మీదికి ఎత్తేశారు. అల్లుడు ఏడ్చేశాడు. ఇంజనీరమ్మ మాత్రం నవ్వలేదు. ఆయన కిందికి దిగాక చెయ్యి పట్టుకుని, మీ అంత నికార్సైన కన్ను నేనెక్కడా చూడలేదు అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

సాయంత్రం డ్యూటీ దిగుతుంటే గేటు దగ్గర నోటీసు అంటించి ఉంది. ఒకటో తారీఖు నుంచి పనిలోకి రానక్కర్లేని వాళ్ళు పన్నెండు మంది. మొదటి పేరు పెద్దాయనదే.

బయటికొస్తున్న ఇంజనీరమ్మకు అల్లుడు అడ్డం వెళ్ళాడు.

"మా మామయ్య ఒక్కరోజు కూడా తప్పలేదు కదమ్మా. పరీక్షలో నెగ్గాక కూడా ఎలా తీసేస్తారు?"

ఆవిడ పెద్దాయన చేతిలోని నీలం అద్దాన్నే చూస్తూ నిలబడింది.

"పరీక్ష పెట్టింది డబ్బాకి," అంది.