సెల్లు లేని దీపం

మౌన శిబిరం గేటు దగ్గర కాపలాదారు రేడియో మెకానిక్కుని ఆపేశాడు.

"చేతిలో ఏంటది?"

"దీపమండీ. నేనే చేశాను. గురువుగారికి కానుక."

"సెల్లుందా? లోపల సెల్లు నిషేధం."

"సెల్లు లేకుండా వెలగడమే దీని గొప్పండీ. గాల్లో ఉన్న శక్తిని తీసుకుని వెలుగుతుంది."

కాపలాదారు అడిగింది ఫోను గురించి. మెకానిక్కు చెప్పింది బ్యాటరీ గురించి. మొత్తానికి ఇద్దరికీ పేచీ రాలేదు. మెకానిక్కు తన ఫోను తీసి, అందరి ఫోన్లూ ఉన్న బుట్టలో పడేశాడు. ఆ చేత్తోనే దీపాన్ని బుట్ట పక్కనే బల్లమీద పెట్టాడు. అది చటుక్కున వెలిగింది. కాపలాదారు భక్తిగా టోపీ తీసేశాడు.

లోపల హాల్లో మెకానిక్కు భార్య మొదటి వరసలో కూర్చుని ఉంది. ఇంటి మొహం చూసి నెలయింది. శిబిరం ఇవాళ్టితో ఆఖరు. ఆవిడ ఇంటికొస్తుందో, ఇక్కడే ఉండిపోతుందో ఇవాళ తేలిపోవాలి. పాపం, మొగుడికి తిండి సయించడం లేదు. ఒళ్లు మాత్రం మండిపోతోంది.

గురువుగారు ఉపన్యాసం దంచేస్తున్నారు.

"ఫోను వదిలినవాడే మనిషి. నేను వదిలేసి ఏళ్లయింది."

మౌనం గురించి ఆయన అంతసేపు మాట్లాడి ఊపిరి పీల్చుకున్నాక, మెకానిక్కు దీపం తెచ్చి శిష్యుల మధ్య పెట్టాడు. వెలగలేదు. ఈ చివర పెట్టాడు. ఆ చివర పెట్టాడు. ఊహూఁ.

భార్య తల పట్టుకుంది.

"ఇంట్లో మిక్సీ బాగుచెయ్యమంటే ఏడాది తిప్పారు. ఇక్కడిక్కూడా వచ్చి నా పరువు తియ్యాలా?"

"ఉండవే. ఇందాక వెలిగింది."

గురువుగారికి జాలేసింది. వేదిక దిగొచ్చి దీపం మీదికి వంగారు. వెలిగింది. వెనక్కి జరిగారు. ఆరిపోయింది. మళ్లీ వంగారు. మళ్లీ వెలిగింది.

హాలంతా నోరెళ్లబెట్టింది. తనలో ఇంత సరుకుందని తెలియక గురువుగారే కాస్త తబ్బిబ్బయ్యారు. వెంటనే సర్దుకున్నారు.

"అంతశ్శక్తి నాయనా. సాధన చేస్తే మీకూ వస్తుంది."

"ఇంతమందిలో ఎవరికీ లేదు. మీ ఒక్కరికే ఉందన్నమాట," అన్నాడు మెకానిక్కు చేతులు కట్టుకుని.

"నా ఒక్కడికే."

భార్య కళ్లు తుడుచుకుంది.

"ఇప్పటికైనా నమ్ముతారా? నేనింక ఇంటికి రాను. పిల్లని మీ అమ్మ దగ్గర ఉంచండి."

మెకానిక్కు దీపం తీసి గురువుగారి నడుం దగ్గర పట్టుకున్నాడు. కళ్లు చెదిరేలా వెలిగింది.

"నమ్మానే గానీ, మీ గురువుగారిని ఆ శక్తిని ఒక్కసారి జేబులోంచి బయటికి తియ్యమను, ఎందుకంటే ఈ దీపం తినేది ఫోను సిగ్నల్నే."