ఒక్కో వస్తువుకి ఒక్కో వరుస

మంగళవారం నుంచి బ్రిన్ నోరు విప్పలేదు.

ఎనిమిదేళ్ళ పిల్ల. మామూలుగా అయితే నిద్రలో కూడా వాగుతుంది. ఇప్పుడు పెడితే తింటోంది, దీపం ఆర్పితే పడుకుంటోంది. అంతే. ఏదో ఒకటి మాట్లాడితే చాలు, ఏడ్చినా సరే అనుకున్నాడు వాళ్ళ నాన్న ఎమెట్.

శనివారం పొద్దున అతను లాప్‌టాప్ తెచ్చి చిన్న బల్ల మీద పెట్టాడు.

"డేటాబేస్ ఒకటి తయారుచేద్దామా?"

బ్రిన్ తలెత్తింది. కంప్యూటరంటే ఆ పిల్లకి ప్రాణం. తండ్రీ కూతుళ్ళు ఇలాంటివి చాలానే చేశారు. హాకీ ఆటగాళ్ళ బొమ్మల కార్డులకి ఒకటి. పెరట్లో గింజల కోసం వచ్చే పిట్టలకి ఒకటి. వాళ్ళమ్మ లోర్నా చేసే జామ్ సీసాలకి ఒకటి. ఏ సీసా ఎప్పటిదో అడిగితే బ్రిన్ టక్కున చెప్పేది.

"దేనికి?" అంది బ్రిన్.

ఎమెట్ లాప్‌టాప్ తెరిచి పిల్ల వైపు తిప్పాడు.

"మన ఇంటికి. ఇంట్లో వస్తువులన్నిటికీ. సోమవారం కామ్‌లూప్స్ పట్నం నుంచి హాల్వర్సన్ గారు వస్తారు. ఆయనకివ్వాలి. అందులో లేనిది మనకి రాదు."

మంచం అంచున కూర్చున్న లోర్నా వదులు స్వెట్టర్ చేతులు పైకి మడుచుకుంది.

"ఇది కూడా పిల్ల చేతే రాయించాలా?" అంది మెల్లగా.

"మాట్లాడుతోందిగా. ఆపకు," అన్నాడు ఎమెట్, ఇంకా మెల్లగా.

బ్రిన్ అప్పటికే పట్టిక గీసేసింది. నంబరు, వస్తువు, గది, ఎవరిది.

"కళ్ళు మూసుకో తల్లీ. వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి నడుచుకుంటూ వెళ్ళు. ఏది కనిపిస్తే అది చెప్పు. నేను టైపు కొడతా."

"నువ్వన్నీ తప్పులు కొడతావు. నువ్వే మూసుకో."

ఎమెట్ కళ్ళు మూసుకున్నాడు. బూట్ల అర, మంచు పార, విరిగిన గొడుగు దాటుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"కుర్చీలు ఆరు."

"అలా కుదరదు నాన్నా! ఒక్కో వస్తువుకి ఒక్కో వరుస. నువ్వే కదా నేర్పావు? వాటిలో ఒకదాని కాలు ఊగుతుంది. తాతయ్య దాని మీంచే కిందపడ్డాడు. దాన్నీ మిగతావాటినీ కలిపేస్తావా?"

"తప్పయిపోయింది టీచరమ్మా."

హాల్లోకి వచ్చేసరికి బాంజో దగ్గర ఆగిపోయింది పని.

"ఇది ఎవరిది?"

"నాదే," అన్నాడు ఎమెట్.

"వాయించడం రానివాడిది ఎలా అవుతుందిట?" అంది లోర్నా.

"కొన్నది నేను."

"విన్నది నేను. బాధపడ్డవాళ్ళది అని రాయి బ్రిన్."

"అబ్బా, మళ్ళీ మొదలెట్టారా ఇద్దరూ? హాల్వర్సన్ ముందు కూడా ఇలాగే కొట్టుకుంటారా?"

లోర్నా నవ్వబోయి, ఆగిపోయి, లేచి సూప్ తేవడానికి వెళ్ళింది.

"మీ ఇద్దరిదీ అని రాస్తున్నా," అంది బ్రిన్. "ఇంకేం మాట్లాడొద్దు."

కాగితం కప్పుల్లో సూప్ తాగుతూ, కూర్చున్నచోటు నుంచే మెట్లెక్కారు. మూడో మెట్టు మీద బ్రిన్ వేళ్ళు ఆగాయి.

"నాన్నా, ఇది కిర్రుమంటుంది కదా. నేను పడుకున్నాక నువ్వు పనినుంచి వస్తే దాంతోనే తెలుస్తుంది నాకు. ఆ చప్పుడు రాయనా?"

"అది వస్తువు కాదు కదమ్మా."

"అందులో లేనిది మనకి రాదన్నావుగా?"

ఎమెట్ కళ్ళు తెరవలేదు. "రాయి," అన్నాడు.

"హాల్వర్సన్ నవ్వుతాడు," అంది లోర్నా. ఆమె గొంతులో మాత్రం నవ్వు లేదు.

"నవ్వనీ," అన్నాడు ఎమెట్.

"ఎవరిది అని రాయను?"

"నీదే. పూర్తిగా నీదే."

బ్రిన్ మంచం, దాని కింద ఒంటరి సాక్సులు, లోర్నా కుట్టుమిషను, గరాజ్‌లో తలకిందులుగా వేలాడే పడవ, చివరికి అటక మీద క్రిస్మస్ దీపాలు. పిల్ల మధ్యమధ్యలో కబుర్లు కూడా చెప్పింది. ఆ పడవలోంచి ఎవరు నీళ్ళలో పడ్డారో, ఏ దీపం వెలగదో, అన్నీ. ఎమెట్ ఊ కొడుతూ కూర్చున్నాడు. ఈ పట్టిక ఎప్పటికీ పూర్తికాకపోతే బాగుండుననిపించింది అతనికి.

పూర్తయింది.

లోర్నా హాల్వర్సన్ పంపిన బీమా కాగితం మరోసారి చదివి, భర్త వైపు చూసింది.

"చివర ఇంకో గడి ఉండాలిట. 'ఇప్పుడు ఎలా ఉంది' అని."

ఎమెట్ గబుక్కున లాప్‌టాప్ తనవైపు లాక్కోబోయాడు. "అది నేను రాస్తాలే. నువ్వు కాసేపు పడుకో తల్లీ."

"నువ్వయితే తెల్లారేదాకా ఒక్కో వరుసా కొడుతూ కూర్చుంటావు," అంది బ్రిన్, తెర మీంచి చూపు తిప్పకుండా. "అన్నిటికీ ఒకటేగా."

ఆ పిల్ల మొదటి వరుసలో రాసి, ఒక్క మీట నొక్కి, వీధి తలుపు నుంచి అటక దాకా ఇల్లంతా అదే మాటతో నింపేసింది: "అడవి మంటల్లో కాలిపోయింది."